తీగ మింగిన రాజుగారు

ఓడ వర్తకుడు తెచ్చిన కొత్త తీగను చూసి వీరభూపతి మహారాజు మురిసిపోయాడు. "ఆ గరిక, పొనగంటాకు పీకి పారేసి తోటంతా ఇదే పాకించు!" అన్నాడు తోటమాలి సింగరితో.

"ముందు ఒక్క మొక్క మీ రాతి విగ్రహం పక్కన నాటి చూస్తాను ప్రభూ," అంది సింగరి. రాజు పొంగిపోయి సరేనన్నాడు.

వానాకాలం వెళ్ళాక రాజు తోటకొచ్చి చూశాడు. విగ్రహం లేదు! దాని చోట ఆకుపచ్చని గుట్ట, పైన కిరీటం మొన ఉన్నాయి.

"నన్నేం చేశావే?" అని కేక పెట్టాడు.

"నేనేం చెయ్యలేదు ప్రభూ. మీ తాతగారి నాటి గరిక ఈనాటికీ మీ పాదాలు దాటలేదు. ఇది ఒక్క వానాకాలంలో మీ కిరీటం దాకా పాకింది. ఇక తోటంతా నాటమంటారా?"

రాజు కత్తి దూశాడు. సింగరి కళ్ళు మూసుకుంది.

"గరిక జోలికి పోకు!" అని అరుస్తూ రాజు తీగను నరికి, తన ముక్కు ఎక్కడుందో వెతుక్కోసాగాడు.