నూకాలుకు వచ్చిన ఉత్తరం

శిష్యుల సందేహానికి వెంటనే జవాబు చెప్పడం పేరిశాస్త్రిగారికి అలవాటు లేదు. భీమునిపట్నంలో ఆయన దగ్గర చదువుకుంటున్న విరూపాక్షానికి ఆ సంగతి తెలుసు. అయినా ఒకనాడు ఉండబట్టలేక మన్నారు ప్రసక్తి తెచ్చాడు. మన్నారు పేరుమోసిన రచయిత. అంతకు మించి పేరుమోసిన తాగుబోతు. కట్టుకున్నదాన్ని విడిచిపెట్టాడు. ఊరి పెద్దల గుట్లు పేర్లతో సహా పుస్తకాలకెక్కించాడు. చివరికి అయినవాళ్ళే పిచ్చాసుపత్రిలో పెట్టిస్తే అక్కడే పోయాడు.

"అటువంటివాడి రాత తమరు మాకు పాఠం చెబుతున్నారు. తగునా గురువుగారూ?"

శాస్త్రిగారు పెట్టెలోంచి మడతలు నలిగిన కాగితం తీసి చదవమన్నారు.

"అమ్మా, నాకు నెమ్మదించింది. ఇక్కడ కూడెడతన్నారు గాని సముద్రం ఇనపడదు. నీ కాడుంటే వలలల్లుకుంటాను. ఎవుల్నీ కొట్టను. నువ్వొచ్చి నన్నట్టుకెల్లు."

కింద వేలిముద్ర. ఆ చేతిరాత మన్నారుదేనని శాస్త్రిగారు చెప్పారు.

అప్పట్లో ఆయన ఒక జాలరిపేటలో బడిపంతులు. నూకాలు అనే ఆవిడ ఆ ఉత్తరం తెచ్చి ముమ్మారు చదివించుకుంది. కట్టుకున్న కోకతోనే బయలుదేరి, ఆయన్నీ పిచ్చాసుపత్రికి తోడు తీసుకువెళ్ళింది. అక్కడి కాపలావాడు అసలు సంగతి చెప్పాడు. ఆమె కొడుకు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మన్నారు నెల్లాళ్ళు పక్కన కూర్చుని ఒక్కొక్క మాటే రాబట్టాడు. రాయడం వచ్చినవారికి మాత్రమే నెలకొక కాగితం ఇస్తారు. విడుదల చేసే పెద్ద డాక్టరు వచ్చేది ఆ నెలలోనే; అర్జీ పెట్టుకోవాలన్నా ఆ కాగితం మీదే. మన్నారు దాన్ని జాలరివాడి మాటలతో నింపేశాడు. తన మాట ఒక్కటీ అందులో పెట్టలేదు.

శాస్త్రిగారు ఊచల దగ్గరికి వెళ్ళి, ఇలా ఎందుకు చేశారని అడిగారు. మన్నారు నవ్వాడట.

"నాకోసం రాస్తే ఎవరొస్తారు పంతులూ? వాడికి అమ్మ ఉంది."

పెద్ద డాక్టరు ఒప్పుకోవడంతో ఆనాడే నూకాలు కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఇల్లు చేరాక ఆ కాగితంతో ఆమెకు పనిలేకపోయింది. శాస్త్రిగారు అడిగి పుచ్చుకున్నారు. మన్నారు మరి రెండేళ్ళు ఆ ఊచల వెనకే ఉన్నాడు.

విరూపాక్షం ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి తిరిగి ఇచ్చాడు. మెల్లగా, అయితే మన్నారు మంచివాడేనంటారా అని అడిగాడు.

"నాకు తెలియదు నాయనా," అన్నారు శాస్త్రిగారు. "ఆ తల్లి అది అడగలేదు. ఆసుపత్రికి దారెటని అడిగింది."