చేదతాడు బ్రేకు

ఎగువ మెట్టవలసలో తెలివైనవాళ్ళెవరని అడిగితే ముగ్గురు ఒకేసారి చెయ్యెత్తేవారు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళు. పెద్దవాడు గౌరునాయుడు, నడిపివాడు తాతినాయుడు, కడగొట్టువాడు సింహాద్రి. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడమే తెలివి, అంతకుమించి ఆలోచించేవాళ్ళు చెడిపోతారని వాళ్ళ నమ్మకం. ఒకసారి వాళ్ళమ్మ తవిటమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేదాకా చూస్తూ ఉండమని సింహాద్రికి అప్పజెప్పి పెరట్లోకి వెళ్ళింది. వాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. పాలు పొంగి, పొర్లి, పొయ్యి ఆర్పేశాయి. అప్పుడు లేచి వెళ్ళి పొంగేశాయని కబురు చెప్పి, మెచ్చుకుంటుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, తవిటమ్మ వాడి తల నిమిరి మళ్ళీ పొయ్యి రాజేసింది.

ఆ ఇంటికి ఒక పాత ట్రక్కు ఉంది. ఊరికీ సంతకీ మధ్య ఒక వాగు ఉంది. వాగులో నీళ్ళు మోకాలి లోతే గానీ, దాటే చోట రాళ్ళు లేచి ఉంటాయి. ట్రక్కు దిగితే దాని అడుగు రాళ్ళకు తగిలి ఇరుక్కుపోయేది. పోయినేడు తవిటమ్మ తోటలో కాసిన అనాస పళ్ళన్నీ అలా వాగు మధ్యలోనే మాగి, కుళ్ళి, ఈగల పాలయ్యాయి. ఈ ఏడు కూడా తన పళ్ళు సంత మొహం చూడకపోతే తోట అమ్మేసి చెల్లెలింటికి వెళ్ళిపోతానని ఆవిడ తెగేసి చెప్పింది. అన్నదమ్ములకు గుండెల్లో రాయి పడింది. అమ్మ వెళ్ళిపోతే చెప్పేవాళ్ళెవరు? చెప్పేవాళ్ళే లేకపోతే చెప్పినట్టు చెయ్యడం ఎలాగ?

అందుకని మేస్త్రి కాసుల్ని పిలిచి ట్రక్కును ఎత్తు చెయ్యమన్నారు. అతను వాళ్ళ వాకిట్లోనే ఇరుసులకీ, బండి బరువు మోసే కమాను కట్టలకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టి బిగించి, బండిని జానెడు పైకి లేపాడు. తరవాత కిందకి దూరి చూసి పెదవి విరిచాడు.

"బండి లేచింది గానీ పైపులు పెరగవు కదా. ఈ బ్రేకు పైపు బిగుసుకుపోనాది, ఇంకాస్త లాగితే తెగిపోద్ది. సేతి బ్రేకు కేబులుకీ పొడుగు సాల్లేదు, అందుకే సక్రాలు పట్టేసినాయి. టౌనుకెళ్ళి రెండూ పొడుగువి తెస్తాను. నేనొచ్చీవరకూ పైపు మీద బిగువు పడనీకండి" అని చెప్పి బస్సెక్కాడు.

అంతే. తెలివిగలవాళ్ళకు పని దొరికింది.

ముందు కేబులు సంగతి చూద్దామన్నాడు గౌరునాయుడు. పొడుగు చాలకపోవడమే రోగమైతే, చాలినంత పొడుగివ్వడమే మందు. ఇంట్లో అన్నిటికన్నా పొడుగైనదేది? నూతిలో చేదతాడు. కేబుల్ని మధ్యకు కోసి, చక్రాల వైపు ముక్కకు చేదతాడు ముడేసి, రెండో కొస బండి కిటికీలోంచి బయటకు తీసి తాతినాయుడి చేతికిచ్చారు. పట్టేసిన చక్రాలు ఒక్కసారి వదిలాయి. వాకిలి పల్లం. ఇంకేముంది, బండి కదిలింది. తాడు కొస పట్టుకున్న తాతినాయుడు కదల్లేదు, ఎందుకంటే కదలమని ఎవరూ చెప్పలేదు. బండి పక్కింటి గుమ్మడి పాదు తొక్కి, దడి విరగ్గొట్టి, పెంటకుప్పలోకి దూరేసరికి తాడు బిర్రబిగిసింది. బండి ఆగింది. ఆపింది తాడా, పెంటకుప్పా అని ఎవరూ అడగలేదు. తాతినాయుణ్ణి మాత్రం అందరూ మెచ్చుకున్నారు. చేతి బ్రేకంటే ఇదిరా, నిజంగా చేత్తో పట్టుకున్నాడు అని గౌరునాయుడు పొంగిపోయాడు.

ఇంతలో తవిటమ్మ బిందె పట్టుకుని నూతి దగ్గరకు వెళ్ళింది. తాడు లేదు. ఎసట్లోకి నీళ్ళు కావాలి, తాడేదిరా అని కేకేసింది.

"బ్రేకేసి ఉందమ్మా" అన్నాడు తాతినాయుడు, రెండు చేతులా తాడు పట్టుకునే.

ఆవిడకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. తాడు తెచ్చి నూతి మీద పెట్టమంది. అమ్మ చెప్పిందంటే చెప్పిందే. విప్పేశారు. బండి పెంటకుప్పను రెండుగా చీల్చుకుని, కల్లం దాటి, గొర్రెల్ని చెదరగొట్టి, వాగు ఒడ్డున ఇసకలో కూరుకుపోయి ఆగింది. తవిటమ్మ నీళ్ళు తోడుకుని అన్నం వండింది. ముగ్గురూ తిని, చెయ్యి కడుక్కుని, తాడు పట్టుకెళ్ళి మళ్ళీ బండికి కట్టారు.

ఇక పైపు మిగిలింది. దానికీ తాడు ముక్క అతికిద్దామన్నాడు సింహాద్రి. అన్నలిద్దరూ నవ్వారు. పైపులో నూనె పారాలి, తాడులో నూనె పారుతుందా, ఆమాత్రం తెలీదా అని కసిరారు. సింహాద్రి సిగ్గుపడ్డాడు. గౌరునాయుడు బండి కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు ఆలోచించాడు. బండి పైకి లేచింది కాబట్టి పైపు బిగుసుకుంది. అయితే బండి కిందకి దిగితే? బరువు పెడితే దిగదూ? వాగు నిండా రాళ్ళే కదా, ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంకేముంది, ముగ్గురూ పంచెలు ఎగ్గట్టి వాగులోకి దిగారు. దాటే చోట లేచి ఉన్న రాళ్ళన్నీ ఒక్కొక్కటే పెకలించి ట్రక్కులోకి ఎక్కించారు. నడుములు విరిగాయి, చేతులు బొబ్బలెక్కాయి. బండి మూలుగుతూ మెల్లిగా కిందకి కుంగింది. పైపు హాయిగా వేలాడింది.

సింహాద్రి వంగి చూసి, ఎత్తు చెయ్యకముందు బండి ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉందేమిటన్నాడు.

"అదేరా గొప్ప. ఎత్తు పెంచినాం, పెంచినట్టు పైపుకే తెలీలేదు" అన్నాడు గౌరునాయుడు.

సంత రోజు పొద్దున్నే తవిటమ్మ వీధిలో ఆడవాళ్ళను కూడగట్టుకుని, అనాస పళ్ళ గంపలు ఎత్తించుకుని వాగు ఒడ్డుకు వచ్చింది. పళ్ళు అప్పటికే రంగు తిరిగి వాసన కొడుతున్నాయి. ఈ రోజు అమ్ముడుపోకపోతే ఇక పశువులక్కూడా పనికిరావు. చూస్తే ట్రక్కు నిండా రాళ్ళు. ఇవేమిటిరా అని కేకేసి, రాళ్ళు దించమంది. గౌరునాయుడు తల్లికి చాలా ఓర్పుగా నచ్చజెప్పాడు. రాళ్ళు దించితే పైపు బిగుస్తుంది, బిగిస్తే తెగుతుంది, తెగితే బ్రేకు పడదు, బ్రేకు పడకపోతే బండి బోల్తా కొడుతుంది, కొడితే పళ్ళన్నీ నుజ్జయిపోతాయి. కాబట్టి పళ్ళు బాగుండాలంటే రాళ్ళే బండెక్కాలి.

"మరి పళ్ళో?" అంది తవిటమ్మ.

"నెత్తి మీద బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నాడు కొడుకు.

అలా బయల్దేరింది ఊరేగింపు. ముందు రాళ్ళ ట్రక్కు, పక్కన తాడు భుజాన వేసుకుని తాతినాయుడు, వెనక గంపలతో ఆడవాళ్ళు. తవిటమ్మకు ఏడుపొస్తోంది. పోయినేడు ఇరుక్కున్న చోటికి బండి దిగుతుంటే కళ్ళు మూసుకుని గ్రామదేవతను తలుచుకుంది. బండి మాత్రం ఎక్కడా తగలకుండా, తూగకుండా అవతలి ఒడ్డెక్కేసింది. రాళ్ళుంటే కదా తగలడానికి. అన్నదమ్ములు మాత్రం అదంతా ఎత్తు చేయించిన మహిమేనని ఒకళ్ళ వీపు ఒకళ్ళు తట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే మేస్త్రి కాసులు కొత్త పైపూ కొత్త కేబులూ సంచిలో పెట్టుకుని ఎదురొచ్చాడు. తాడు చూశాడు. రాళ్ళు చూశాడు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకున్నాడు. ఒక్కటీ అడగలేదు. అడిగితే చెప్తారని భయం. ముందా రాళ్ళు దించి ఎక్కడివక్కడ పెట్టండి అన్నాడు.

ఎక్కడివక్కడే పెట్టారు. ఒక్క రాయి కూడా ఒడ్డున పడెయ్యలేదు. ఏ రాయి ఏ గుంతలోదో గుర్తు లేకపోవడంతో, అన్నిటినీ దాటే చోటే అడ్డంగా పేర్చి గుట్ట పోశారు. కాసులు బండి కింద ఉండటంతో అది చూడలేదు. చూసి ఉంటే ఆ రోజు నుంచే వృత్తి మానేసేవాడు. కొత్త కేబులు తగిలించాడు. పైపు మార్చి, చక్రం ఎంత కిందకి జారినా లాగనంత వదులు ఉంచి, పట్టీలు వేసి బిగించాడు. పైపులో గాలి పోవాలి కాబట్టి సింహాద్రిని సీట్లో కూచోబెట్టి, బ్రేకు నొక్కిపట్టమన్నాడు. గాలి పోయింది, పనైపోయింది, మేస్త్రి చేతులు తుడుచుకుని దండం పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పళ్ళు ఎక్కించి ఆడవాళ్ళూ ఎక్కారు. గౌరునాయుడు సింహాద్రిని పక్కకి జరిపి, స్టీరింగు ముందు కూచుని బండి తీశాడు. కదల్లేదు. గర్రుమంది, పొగ వదిలింది, అంగుళం జరగలేదు. ఆడవాళ్ళంతా దిగి తోశారు. తవిటమ్మ కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. చివరికి తాతినాయుడు వంగి చూస్తే, అన్న కాళ్ళ మధ్యలోంచి తమ్ముడి కాలు బ్రేకు మీద ఉంది. మేస్త్రి నొక్కమన్నాడు గానీ వదలమని చెప్పలేదు కదా అన్నాడు సింహాద్రి, కాలు తియ్యకుండానే. వదలమని తవిటమ్మ చెప్పింది. వదిలాడు.

బండి ఎత్తుగా, దర్జాగా సంతకు చేరింది. ఆడవాళ్ళు గంపలు దించి తమ బేరాలకి వెళ్ళిపోయారు. పళ్ళు చెడలేదు. ఒక్క అనాస అయినా నలగలేదు. తవిటమ్మ పళ్ళ వాసనకే జనం మూగారు. ఆవిడ ముఖం వెలిగింది. తోట నిలబడింది, ఇక చెల్లెలింటికి పోయే అవసరం లేదు. సంతోషంలో మనిషికి జాగ్రత్త తగ్గుతుంది. సగం పళ్ళు అమ్ముడయ్యాక, మొక్కు తీర్చి ఉప్పూ పప్పూ కొనుక్కొస్తానని లేచి, కొడుకులతో చెప్పాల్సిన మాట చెప్పింది.

"ఇంటికాణ్ణించి తెచ్చిందేదీ మిగలకూడదు నాయినా. ఎంతకొస్తే అంతకి అన్నీ అమ్మీయండి" అంది.

ఆవిడ కొబ్బరి చిప్పలతో తిరిగొచ్చేసరికి గోనెపట్టా మీద ఒక్క పండు లేదు. గంపలు లేవు. గోనెపట్టా కూడా, నిజానికి, వేరే ఎవరో చుట్టుకుంటున్నారు. ముగ్గురు కొడుకులూ ఎండలో చేతులు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. తాతినాయుడికి పైపంచె లేదు.

"బండేదిరా?" అంది తవిటమ్మ.

"అమ్మీసినాం. అన్నిటికన్నా అదే ముందు పోనాది. కొత్త పైపు, కొత్త కేబులు కదా, ఎగబడిపోయారు" అన్నాడు గౌరునాయుడు.

ఆవిడ అక్కడే కూలబడింది. వచ్చే ఏడు పళ్ళెలా తేవాలిరా అని అడిగింది. బండి ఉన్నా ఇంటికి రాదు, వాగులో గుట్టెత్తు రాళ్ళున్నాయి, అడుగు తగులుతుంది అని సింహాద్రి వివరించాడు. ఆ రాళ్ళు దాటడానికే కదరా ఎత్తు చేయించాం అని తవిటమ్మ గొల్లుమంది. అవునని ముగ్గురూ ఒప్పుకున్నారు. అందుకే మంచి బేరం వచ్చిందన్నారు.

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, సరే పదండి, నడిచైనా పోదాం అని లేవబోయింది. గౌరునాయుడు కదల్లేదు. తమ్ముళ్ళ వైపు చూశాడు. తమ్ముళ్ళు నేల వైపు చూశారు.

"నువ్వు కొంచేపు నీడన కూకోమ్మా. ఇంటికాణ్ణించి తెచ్చినవాటిలో నువ్వొక్కదానివే మిగిలిపోనావు. ఇందాకట్నించీ అడుగుతున్నాం, ఎవరూ బేరానికి రాలేదు" అన్నాడు.