వాచీ "చాలు" అనేదాకా

ఒక కొండ మీద ఎర్రమట్టి గ్రౌండు ఉంది. గ్రౌండుకి ఒక మాస్టారు, మాస్టారికి ఒక వాచీ. అంతే, ఇంకేం లేదక్కడ.

వాచీ మాత్రం మామూలుది కాదు. దానికి ఆకాశంలో చుట్టాలున్నారు. నువ్వెక్కడున్నావో, ఎంత దూరం పరిగెత్తావో పైనుంచి చూసి దానికి చెప్పేస్తారు. అడుగున ఒక చిన్న పచ్చ లైటుంటుంది. అది చర్మం లోపలికి తొంగిచూసి, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెడుతుంది. ఇంత తెలిసినా దానికి వచ్చిన మాటలు రెండే. ఒకటి "పర్లేదు". ఇంకోటి "చాలు".

మాస్టారు ఒకప్పుడు పిచ్చ స్పీడు. కొండ కింద బస్సెక్కాల్సినోడు బస్సుతో పందెం వేసి, బస్సు కంటే ముందే పైకొచ్చేవాడంట. ఐదేళ్ల కింద ఆయన గుండె ఆగినంత పని చేసింది. డాక్టరు ఒకటే మాటన్నాడు. "నడువు. పరిగెత్తితే మాత్రం నా దగ్గరికి రాకు, వచ్చేంత టైం ఉండదు."

ఆ రోజే మాస్టారు వాచీ కొన్నాడు. రోజూ పొద్దున్నే చకచకా నడుస్తాడు. రెండు రౌండ్లయ్యేసరికి వాచీ "చాలు" అంటుంది. టక్కున ఆగిపోతాడు. ఈ వాచీ వల్లే బతికున్నానని ఆయన నమ్మకం. అబద్ధం కూడా కాదు.

తన ప్రాణాన్ని కాపాడిందాన్నే పిల్లలక్కూడా కాపలా పెట్టాడు మాస్టారు. ఏటా పెద్ద పోటీకి ఆరుగురిని పంపాలి. ఒక్కొక్కరూ ఆ వాచీ కట్టుకుని నాలుగు రౌండ్లు పరిగెత్తాలి. మధ్యలో వాచీ "చాలు" అంటే అవుట్. వాచీ లోపల వేలు పెట్టి కెలికినా అవుట్. ఇవే రూల్స్. బతిమాలినా మారవు.

దాంతో మెల్లగా పరిగెత్తేవాళ్లే సెలెక్టవుతూ వచ్చారు. మూడేళ్లుగా ఆ టీము ఆఖర్న వస్తోంది. అయితేనేం, ఒక్కరి గుండె కూడా గట్టిగా కొట్టుకోలేదు. మాస్టారు దాని గురించే అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ గ్రౌండులో ఒక పొడుగు పిల్ల ఉంది. పదహారేళ్లు. అందరికంటే ఫాస్టు. అందుకే మూడేళ్లుగా అందరికంటే ముందు అవుట్. పదిహేడొస్తే ఆ పోటీలోకి రానివ్వరు. ఇదే ఆఖరి ఛాన్సు. జాబితాలో ఐదు పేర్లు ఎక్కేశాయి, ఒక్కటే ఖాళీ. తొమ్మిదింటికి పోటీవాళ్ల జీపొచ్చి జాబితా తీసుకుపోతుంది. జీపెక్కిన పేరుని ఇంక ఎవడూ కొట్టెయ్యలేడు.

పొడుగు పిల్లకి ఒక ఫ్రెండుంది. అందరూ దాన్ని నత్త అంటారు. అక్కడ అది తిట్టు కాదు, క్వాలిఫికేషన్. నత్త పేరు జాబితాలో మొదటిది.

"ఏమే, నీ గుండెకేదో జబ్బుందేమోనే," అంది నత్త ఆ పొద్దున.

"నీ నోటికుంది జబ్బు."

"నిజం చెప్తున్నా. నేను పరిగెడితే వాచీ ఒక్కసారైనా 'చాలు' అందా?"

"నువ్వెప్పుడు పరిగెట్టావే? నిన్న ఒక ఆవు నిన్ను దాటిపోయింది. వెనక్కి తిరిగి జాలిగా చూసింది కూడా."

నవ్వింది గానీ పొడుగు పిల్లకి లోపల భయమే. ఎవరూ చూడనప్పుడు గుండె మీద చెయ్యేసుకుని వినేది. నాలో నిజంగానే ఏదో పాడైందా? వాచీ అబద్ధం చెప్పదు కదా?

మాస్టారు ముగ్గుతో లైన్లు గీస్తున్నాడు. ఈ పిల్ల వాచీ కట్టుకుంటూ పక్కనున్న బటన్ని కంగార్లో గట్టిగా నొక్కి పట్టేసింది. ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తెరుచుకుంది. వయసు: యాభై ఎనిమిది.

పొడుగు పిల్ల కళ్లార్పకుండా చూసింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. వయసు చెప్తే ఆ వయసు గుండె ఎంతవరకు కొట్టుకోవచ్చో వాచీయే లెక్కేసుకుంటుంది. చేతులు మారాయని దానికెవరూ చెప్పలేదు. మాస్టారికి ఆ ఆలోచనే రాలేదు. మూడేళ్లుగా ఈ గ్రౌండులో పిల్లలంతా యాభై ఎనిమిదేళ్ల గుండెతో పరిగెడుతున్నారు.

"వెళ్లి చెప్దామే," అంది నత్త.

"చెప్తే ఏమంటాడు? లోపల వేలెందుకు పెట్టావంటాడు. అవుట్ అంటాడు."

"మరేం చేస్తావ్?"

పొడుగు పిల్ల బటన్ నొక్కుతూ పోయింది. యాభై. నలభై. ముప్పై. పదహారు దగ్గర ఆగింది.

"చచ్చావే," అంది నత్త.

విజిల్ మోగింది. మొదటి రౌండు, వాచీ "పర్లేదు" అంది. రెండో రౌండు, ఎప్పుడూ అవుటయ్యే మలుపొచ్చింది. పిల్లకి ఊపిరాడలేదు, పరుగు వల్ల కాదు. "పర్లేదు," అంది వాచీ. మూడో రౌండులో పిల్ల కాళ్లకి మూడేళ్ల కోపమొచ్చింది. నాలుగో రౌండు చూసినవాళ్లకి ఆ పిల్ల కనబడలేదు, వెనక లేచిన ఎర్రదుమ్మే కనబడింది.

మాస్టారు నోరు తెరిచి నిలబడ్డాడు. "ఇంత స్పీడుకి కూడా 'చాలు' అనలేదా?"

"లేదు మాస్టారూ."

ఆయన జేబులోంచి జాబితా తీసి ఆరో పేరు రాశాడు. తర్వాత పిల్ల చేతి నుంచి వాచీ ఆయనే విప్పి కట్టేసుకున్నాడు. మళ్లీ యాభై ఎనిమిది పెట్టేద్దామనుకుంది పిల్ల. టైమే ఇవ్వలేదు. అప్పటికే వాచీ ఆయన చేతికుంది, ఆయన నడక మొదలైపోయింది.

ఒక రౌండు. రెండు రౌండ్లు. వాచీ "పర్లేదు" అంది.

మాస్టారు మణికట్టు వైపు చూసుకున్నాడు. ఇంకాస్త జోరు పెంచాడు. "పర్లేదు." ఐదేళ్లలో ఎప్పుడూ వినని మాట అది, ఆ చోట. మూడో రౌండులో ఆయన నడక పరుగైంది.

"నయమైపోయిందర్రా!" అని అరిచాడు పిల్లల వైపు చెయ్యూపుతూ. "చూడండి, నాకు నయమైపోయింది!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇద్దరు కొట్టలేదు.

"ఆపాలే," అంది పొడుగు పిల్ల.

నత్త దాని చెయ్యి పట్టుకుంది. "నోరు ముయ్యి. అదిగో జీపు, ఆఖరి మలుపులో ఉంది. అది వచ్చిపోనీ, అప్పుడు చెప్దువుగాని."

"ఆయన మొహం చూడు."

"మొహానికేం? నవ్వుతున్నాడుగా."

నవ్వుతున్నాడు నిజమే. కానీ పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎడమ చెయ్యి సరిగ్గా ఊగట్లేదు. నాలుగో రౌండు. ఐదో రౌండు. జీపు గేటు దగ్గరికొచ్చి హారన్ కొట్టింది.

పొడుగు పిల్ల చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. సగం రౌండులో ఆయన్ని అందుకుంది.

"మాస్టారూ, ఆగండి!"

"ఎందుకే? విను, ఏమంటోందో విను."

"పర్లేదు," అంది వాచీ.

"అది మీతో అనట్లేదు మాస్టారూ. నాతో అంటోంది."

"ఏంటీ?"

"వయసు మార్చేశాను. పదహారు పెట్టా. పొద్దున, నేనే."

మాస్టారు వెంటనే ఆగలేదు. విననట్టే ఇంకో పది అడుగులు పరిగెత్తాడు. ఒక్కో అడుగూ ముందుదానికంటే చిన్నది. తర్వాత ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. పిల్ల ఆయన్ని నేల మీద కూర్చోబెట్టింది. వాచీ పీకి పక్కన పడేసి, మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి లెక్కపెట్టింది. నీళ్లు తెమ్మని అరిచింది. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. చాలాసేపటికి ఆ కొట్టుకోవడం కాస్త నెమ్మదించింది. పెదాల్లోకి ఎరుపు తిరిగొచ్చింది.

జీపు మళ్లీ హారన్ కొట్టింది.

మాస్టారు జేబులోంచి జాబితా తీశాడు. చెమటకి తడిసిపోయుంది.

"రూలు తెలుసుగా?"

"తెలుసు."

ఆరో పేరు మీద అడ్డంగా గీత గీశాడు. గీత వంకరగా పోయింది. డ్రైవరొచ్చి కాగితం తీసుకున్నాడు. "ఐదుగురేనా మాస్టారూ?" అనడిగాడు. "ఐదుగురే," అన్నాడాయన. జీపు కొండ దిగిపోయింది.

పిల్ల ఏడవలేదు. పట్టుకున్న మణికట్టు వదల్లేదు. మాస్టారు ఆ ఎర్రమట్టి వైపు, తన కాళ్లు చేసిన గుర్తుల వైపు చూశాడు.

"ఇంకొక్క రౌండు ఆగి చెప్పుండాల్సిందమ్మా," అన్నాడు.