గిజిగాడి వీడియోలు, గోరింక జవాబులు

ఉసిరికోన అడవిలో నక్కలు, కుందేళ్లు, ఉడతలు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. తలా ఒక ఫోను కూడా ఉండేది. అడవిలో సిగ్నలెలా వస్తుందని నన్నడక్కండి. మా ఇంట్లో నేను నీళ్ల ట్యాంకు ఎక్కితేగాని రాదు.

ఆ అడవిలో వాగు పక్కన, తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. పిడికెడు పిట్ట. పేరు మాత్రం సింహాద్రి. గడ్డిపోచలతో గూడు అల్లడంలో అతన్ని మించినవాడు లేడు. అల్లేటప్పుడు వీడియో తీసి రోజుకొకటి పెట్టేవాడు. తీయడం అవగానే ఆ గూడు విప్పేసి, మర్నాడు మళ్లీ కొత్తది మొదలుపెట్టేవాడు. అడవంతా నోరు తెరుచుకుని చూసేది. నచ్చినవాళ్లు నాలుగు గింజలు తెచ్చి చెట్టు కింద పోసి వెళ్లేవారు.

అల్లేది సింహాద్రే. ఒక కాలితో ఫోను పట్టుకుని, తలకిందులుగా వేలాడుతూ తీసేదీ సింహాద్రే. అక్కర్లేని ముక్కలు కోసేదీ, కామెంట్లకు జవాబులు రాసేదీ అతనే.

కింది కొమ్మ మీద ఉండే ఉడత పొన్నమ్మ ఒకరోజు అడిగింది.

"అన్నా, నీ కళ్లు గుంటలు పడ్డాయి. ఆ కోసే పనైనా నాకివ్వరాదూ?"

"నీ పళ్లు జామకాయలకే సరిపోతాయమ్మా. నా వీడియో మీద నా ముక్కే పడాలి!"

నేనతన్ని తప్పుపట్టలేను. మా చెల్లెలి పెళ్లి వీడియో నేనే తీస్తానని పట్టుబట్టాను. మూడు గంటలూ నా బొటనవేలే కనబడింది.

గిజిగాళ్లలో ఒక ఆచారముంది. మగపిట్ట గూడు సగం అల్లుతాడు. ఆడపిట్ట వచ్చి, అటూ ఇటూ లాగి చూస్తుంది. నచ్చితేనే కాపురం. అలా ఒక ఉదయం రవణమ్మ అనే ఆడపిట్ట వచ్చింది. కొమ్మకు నాలుగు పోచలు మాత్రమే వేలాడుతున్నాయి.

"ఏమయ్యా, గూడేది?"

సింహాద్రి గర్వంగా ఫోను చూపించాడు. "ఇదిగో, దీన్లో ముప్పై గూళ్లున్నాయి!"

"వీడియోలో గుడ్లు పెట్టమంటావా?" అంది రవణమ్మ. అయినా పిట్ట మంచిదే. "తొలకరి చినుకు పడ్డ రోజున మళ్లీ వస్తా. అప్పటికి గూడుంటే సరే. లేకపోతే నీ ఫోనుతోనే కాపురం చెయ్యి" అని ఎగిరిపోయింది.

తొలకరికి పది రోజులే ఉన్నాయి.

సింహాద్రి ఒక్క ఊపులో పనులన్నీ పంచేశాడు. ముక్కలు కోయడం పొన్నమ్మకు ఇచ్చాడు. కామెంట్లు వరాలు అనే గోరింకకు ఇచ్చాడు. ఎలా చెయ్యాలో చెప్పడానికి కూడా ఆగలేదు. వరాలుకు ఒకే ఒక్క వాక్యం నేర్పాడు. "మంచి మాట! చూస్తూనే ఉండండి!"

పొన్నమ్మ కోత చక్కగా కుదిరింది. వరాలు కూడా రోజుకు మూడొందల జవాబులు ఇచ్చేసింది. ఆరు రోజుల్లో సింహాద్రి సొంత గూడు దాదాపు పూర్తయింది.

ఆరో రోజు ఒక పిచ్చుకల జంట నుంచి కామెంటు వచ్చింది. "మీ వీడియో చూసి గూడు కట్టాం. పైముడి జారుతోంది. లోపల రెండు గుడ్లున్నాయి!"

"మంచి మాట! చూస్తూనే ఉండండి!" అంది వరాలు.

"అయ్యా, గూడు పక్కకు ఒరిగిపోయింది!"

"మంచి మాట! చూస్తూనే ఉండండి!"

"చూస్తూనే ఉన్నాం, పడిపోతోంది!"

అదృష్టం కొద్దీ పొన్నమ్మ ఆ కామెంట్లు చదివింది. తోక ఎగరేసుకుంటూ పరుగెత్తి సింహాద్రికి చెప్పింది. ఇద్దరూ వెళ్లేసరికి ముడి చివరి పోచ మీద ఉంది. గుడ్లను జాగ్రత్తగా తీసి, దగ్గర్లో ఇంకో గూడు లేక, సింహాద్రి కొత్త గూట్లోనే పెట్టారు. వెనకాలే పిచ్చుకల గూడు టప్పున నేలమీద పడింది.

గుడ్లు పొదిగేవాళ్లను ఖాళీ చెయ్యమనలేం కదా. సింహాద్రికి మళ్లీ నాలుగు పోచలే మిగిలాయి. నాలుగు రోజులే ఉన్నాయి.

"తప్పు నాదే పొన్నమ్మా. ముందేమో ఒక్క పనీ ఇవ్వలేదు. తర్వాతేమో నా బుర్ర కూడా ఇచ్చేశాను" అన్నాడు.

"బుర్ర వెనక్కి తీసుకో అన్నా, మిగతావి మాకు వదిలెయ్" అంది పొన్నమ్మ. "అసలు వీడియో కోసం వేరే గూడు అల్లి విప్పడమెందుకు? నీ గూడు అల్లుతుంటే తీద్దాం. ఫోను కొమ్మ పంగలో నేను ఇరికిస్తా. ఒక్క గూడు పది వీడియోలవుతుంది!"

పిచ్చుకలు గడ్డి చీల్చి తెచ్చాయి. పొన్నమ్మ ముక్కలు కోసి వరసగా పేర్చింది. తెల్లవారి అడవికోడి కూయగానే వరాలు బటన్ నొక్కేది, వీడియో బయటికి వెళ్లేది. వరాలుకు సింహాద్రి ఈసారి దగ్గర కూర్చుని నేర్పాడు. "మెచ్చుకుంటే నువ్వు జవాబివ్వు. ఏదైనా అడిగితే వచ్చి నా తోక లాగు."

మొదటిరోజే తోక ఈకలు రెండు ఊడాయి. అయినా అతను ఈలవేస్తూ అల్లాడు. చూసేవాళ్లు రెండింతలయ్యారు.

అయిదో రోజు పొద్దున చినుకులు పడ్డాయి. వాగు అవతలి నుంచి రవణమ్మ వచ్చింది. గూడును పైనుంచి లాగింది. కిందనుంచి లాగింది. లోపల దూరి కూర్చుంది. వాన జోరందుకుంది. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

ఆమె తల బయటపెట్టి మెల్లగా అడిగింది. "ఉండిపోనా?"

పై కొమ్మ మీద వరాలు గొంతు సవరించుకుంది. "మంచి మాట! చూస్తూ..."

పొన్నమ్మ ఎగిరి దాని ముక్కు మూసేసింది.

"ఉండు రవణమ్మా" అన్నాడు సింహాద్రి, తన నోటితో తనే.

నీతి: అన్నీ నేనే చేస్తాననేవాడికి తన గూడే మిగలదు, పనులు పంచుకోండి, పంచినవాళ్లకు దగ్గర కూర్చుని నేర్పండి, మీరే చెప్పాల్సిన జవాబు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.