కుండలో గుప్పెడు ఉప్పు

రెండువేల పంతొమ్మిది, వైశాఖమాసం. గుత్తి చుట్టుపక్కల బావులన్నీ అడుగంటి, కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చున్న ఎండాకాలం.

ఆ ఎండలో నాగలత బెంగళూరు బస్సు దిగి నేరుగా లాలప్ప తాత కొట్టానికి వచ్చింది.

లాలప్ప ఒకప్పుడు దూది ఏకేవాడు. డెబ్బై దాటాక చెక్కభజన నేర్పడమే పని. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, తాళానికి అడుగు వేస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడే భజన అది. నాగలత పదో ఏట ఆయన దగ్గరే మొదటి అడుగు వేసింది. పెద్దయ్యాక కంప్యూటర్ చదువు చదివి, ఫోనులో ఒక యాప్ తయారుచేసింది. దాని పేరు 'పందిరి'. ఊరూరా పాడేవాళ్లు తమ పాటలు అందులో పెడతారు, మిగతావాళ్లు వింటారు. అందులో మొట్టమొదటి పాట తాతదే. రెండేళ్లలో నలభై వేల మంది చేరారు.

చేరారు గానీ ఎవరూ పైసా ఇవ్వరు. పాటలు దాచే కంప్యూటర్లకు నెలనెలా అద్దె కట్టి కట్టి ఆమె చేతులు ఖాళీ అయ్యాయి.

"ఒక కంపెనీ పన్నెండు లక్షలు ఇస్తానంటోంది తాతా. సోమవారంలోగా సంతకం పెట్టాలి. లేదంటే పందిరి మూసుకోవాల్సిందే."

"మంచిదే గదా. ఊరికే ఇస్తారా?"

"మూడు అడుగుతున్నారు. పాటకూ పాటకూ మధ్య వాళ్ల ప్రకటన వెయ్యాలి. ఎవరు ఏ పాట ఎన్నిసార్లు విన్నారో వాళ్లకు చెప్పాలి. మూడోది, ఏ పాటా చివరిదాకా వినిపించకూడదు. ఆఖరి చరణం ముందు ఆపేసి ఇంకోటి ఎత్తుకోవాలి. పాట పూర్తయితే మనిషి తృప్తిగా ఫోను పక్కన పెట్టేస్తాడంట."

తాత గడ్డం గోక్కున్నాడు. "రేపు సంత. రోడ్డు మీద నా చలివేంద్రం ఉంది గదా, రేపొక్క రోజు నువ్వు చూసుకో."

"నేను అడిగిందేమి, నువ్వు చెప్పేదేమి?"

"నాకింకా చెవుడు రాలేదులే. పోయి కుండలు కడుగు."

మరునాడు పొద్దెక్కక ముందే సంతజనం మొదలైంది. నాలుగు గుంజలు, పైన కొబ్బరాకులు, కింద తడి ఇసుకలో మూడు పెద్ద కుండలు. అదీ చలివేంద్రం. తాత ఓ మూల కూర్చుని చెక్కలు వాయిస్తూ కూనిరాగం తీస్తున్నాడు.

మొదట వచ్చింది శెనక్కాయలు అమ్మే సుంకమ్మవ్వ. గంప దించి, ఒక చెంబు గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బెంగళూరు నీళ్లా ఇవి?" అంది నాగలతను ఎగాదిగా చూసి.

"మీ ఊరి బోరు నీళ్లే అవ్వా."

"అట్లయితే ఇంకో చెంబు పొయ్యి. బెంగళూరు నీళ్లయితే వద్దందును."

పక్కనే సోడా బండి పెట్టుకున్న ఈరన్న కాసేపటికి నవ్వుకుంటూ వచ్చాడు.

"పాపా, నా బండి పేరు రాసిన గుడ్డ ఒకటుంది. మీ పందిట్లో కట్టుకోనా?"

ఆమె తాత వైపు చూసింది.

"కట్టుకోనీ. అటువైపు ఎండ కొడుతోంది" అన్నాడు తాత.

గుడ్డ కట్టారు. నీడ పెరిగింది. నాగలతకు సంతోషం వేసింది. మొదటి షరతు ఇంత సులువా అనుకుంది.

ఈరన్న మళ్లీ వచ్చాడు. "పిల్లల తల్లులు ఏ పొద్దుకు ఎక్కువగా వస్తున్నారో కాస్త చూసి చెప్పు పాపా. ఆ పొద్దుకు రంగుసోడాలు ముందర పెడతా."

చెప్పింది. ఏం పోయింది? అయినా ఆ తల్లులు వచ్చినప్పుడు వాళ్ల ముఖం చూడలేక చెంబు వైపే చూస్తూ పోసింది.

మూడోసారి ఈరన్న చేతిలో పొట్లంతో వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఉప్పు. కుండకు గుప్పెడు చాలు, నోటికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. నీళ్లు తాగినోళ్లు నా సోడాకొస్తారు, సోడా తాగినోళ్లు నీ నీళ్లకొస్తారు. ఇద్దరికీ గిరాకీ. నువ్వు ఊ అంటే వానలు పడేదాకా వారానికో ట్యాంకరు నీళ్లు నావి."

వారానికో ట్యాంకరు! తాత ముసలి ప్రాణం అరమైలు దూరం నుంచి బిందెలు మొయ్యక్కర్లేదు.

"తాతా?"

"ఈరోజు చలివేంద్రం నీది" అన్నాడు తాత, తాళం తప్పకుండా.

నాగలత అప్పుడే నింపిన కుండలో గుప్పెడు వేసి కలిపింది.

మధ్యాహ్నానికి జనం తగ్గాల్సింది పోయి రెట్టింపయ్యారు. తాగినవాళ్లే మళ్లీ వచ్చారు. చెంబు చెంబుకూ తోపులాట. ఈరన్న బండి దగ్గర సోడాలు టప్ టప్ మని పేలుతున్నాయి.

"చూడు తాతా! పొద్దున ఇంతమంది ఉన్నారా?" ఆమె ముఖం వెలిగిపోయింది.

"లేరు లేరు. బాగా నడిపిస్తున్నావు" అన్నాడు తాత.

అప్పుడే సుంకమ్మవ్వ నాలుగోసారి వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏందో తల్లీ, ఈ పొద్దు దప్పిక తీరేటట్టు లేదు. వయసైపోయింది నాకు. నువ్వు బంగారం, ఎన్నిసార్లొచ్చినా విసుక్కోకుండా పోస్తాండావు. నీ కడుపు చల్లగుండ."

నాగలత చెంబు వంచింది. అవ్వ దోసిలి నిండింది. తాగి, మళ్లీ దీవించి, గంప ఎత్తుకుని పోయింది.

చెక్కల చప్పుడు ఆగింది. తాత లేచి వచ్చి ఆమె ముందు దోసిలి పట్టాడు.

"నాకూ పొయ్యి పాపా. పాడీ పాడీ నోరెండిపాయ."

నాగలత చెంబు ముంచింది. ఎత్తింది. దోసిలి మీదికి వంచబోయిన చెయ్యి అక్కడే నిలబడిపోయింది.

"ఈ కుండవి వద్దు తాతా."

"ఏం? ఊరంతా తాగిరి గదా."

దోసిలి అలాగే ఉంది. ఆయన కళ్లు నవ్వుతూనే ఉన్నాయి.

నాగలత చెంబు కింద పెట్టింది. రెండు చేతులా కుండ పట్టుకుని రోడ్డు మీదికి వంచేసింది. కాలే తారు మీద నీళ్లు బుసబుసమని ఇగిరిపోయాయి. తర్వాత ఖాళీ కుండ చంకనెత్తుకుని సంతలోకి పరుగుతీసింది, సుంకమ్మవ్వను వెతుక్కుంటూ.

ఆమె తిరిగొచ్చేసరికి ఈరన్న తన గుడ్డ విప్పుకుంటున్నాడు.

"ఉండనీ ఈరన్నా, నీడ బాగుంది. గుడ్డతో మాకేం పేచీ లేదు" అన్నాడు తాత.

"ఉప్పు లేని చలివేంద్రంలో నా గుడ్డెందుకు తాతా!" అని చుట్టచుట్టి పట్టుకుపోయాడు.

మూడోది కుదరదని నాగలత చెబితే, సోమవారం కంపెనీవాళ్లూ అదే మాట అన్నారు. మూడోది లేకపోతే మొదటి రెండూ మాకెందుకని.

తర్వాతి సంతకు సుంకమ్మవ్వ గంప మీద బిందె పెట్టుకుని వచ్చింది. నిండు బిందె. అడగకుండానే కుండలో వంపింది.

"పోయిన వారం ఉప్పు వేశానని దాచకుండా చెప్పి కాళ్లు పట్టుకుంటివి. ఈ వారం నావి తాగు" అంది.

ఆ సాయంత్రం 'పందిరి'లో ప్రతి పాట చివరా ఒక కొత్త మాట కనిపించింది. 'పాట పూర్తయింది. వీలైతే మీరూ ఒక చెంబు పొయ్యండి.' పదీ ఇరవై రూపాయల చొప్పున డబ్బు వచ్చింది. కంప్యూటర్ల అద్దెకు ఆ నెల సరిపోయింది. అంతకు మించి మిగల్లేదు.

నాగలత నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని వస్తుంటే, తాత ముందర నడుస్తూ చెక్కలు వాయించేవాడు. "అడుగు తప్పుతాంది పాపా! బెంగళూరు అడుగు అది" అని వెక్కిరించేవాడు. ఆమె పగలబడి నవ్వేది, నీళ్లు ఒలికేవి.

పన్నెండు లక్షలు రాలేదు. బెంగళూరులో గది ఖాళీ చేసింది. వానలు పడేదాకా, నలభై ఆరు రోజులు, అరమైలు దూరం నుంచి రోజుకు పన్నెండు బిందెలు మోసింది.