వాక్కాయ పప్పు ఉందన్న హోటలు

విశాలాక్షమ్మగారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "ఏమైనా తిన్నావా?" అంటారు. తినలేదంటే ముందు తినమంటారు. తిన్నామంటే ఏం తిన్నావో చెప్పమంటారు. బందరులో ఆవిడ దగ్గర గీత చెప్పించుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరు దీన్ని మాట దాటేయడం అనుకునేవారు. అలా అనుకునేవాళ్లకు నేను ఐర్లండులో జరిగిన ఈ చిన్న సంగతి చెబుతూ ఉంటాను. ఈమధ్య ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు నా దగ్గర నిలవడం లేదు కాబట్టి రాసి కూడా పెడుతున్నాను.

హైమవతి అనే అమ్మాయి డబ్లిన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు ఫోనులో విశాలాక్షమ్మగారి దగ్గర పాఠం చెప్పించుకునేది. ఒక్కసారి వచ్చి నా దగ్గర ఉండండని పట్టుబట్టి ఆవిణ్ణి పిలిపించుకుంది. తోడుగా నేను వెళ్లాను. డబ్లిన్, గాల్వే చూశాక కార్క్ అనే ఊరికి రైలెక్కాం. గొర్రెలు మేసే పచ్చిక బయళ్లు దాటుతున్నంతసేపూ పలకని పిల్ల, ఊరు దగ్గరపడుతుండగా అడిగింది. "అమ్మగారూ, వెళ్లాల్సిన చోటు ఇదేనని మనిషికి ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇద్దరికీ తెలుసు. తల్లి పోయిన దగ్గర్నుంచి హైమవతికి రాత్రిళ్లు నిద్ర లేదు. మన దేశంలో ఒక స్వామివారు, ఉద్యోగం మానేసి ఆశ్రమానికి వచ్చేయమన్నారు. వస్తుందో రాదో ఆ రోజే చెప్పాలి. అక్కడి సాయంత్రపు పూజ అయ్యాక ఫోను చేస్తామన్నారు, అంటే ఇక్కడ మధ్యాహ్నం. రాజీనామా కూడా రాసి పెట్టుకుంది, పంపడమే తరువాయి.

విశాలాక్షమ్మగారు అంతా విని, "నేను షుగరు మాత్ర వేసుకునే వేళవుతోంది. వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. ముందు భోజనం ఎక్కడో చూడు" అన్నారు. హైమవతి ముఖం చిన్నబోయింది.

కార్క్‌లో నది రెండు పాయలుగా చీలి ఊరిని మధ్యలో పెట్టుకుంటుంది. నది గాలికి నా పమిట ఒక్క క్షణం నిలవలేదు. హైమవతి ఫోను తీసి, తిన్నవాళ్లు ఏ హోటలుకు ఎన్ని చుక్కలు ఇచ్చారో చూడడం మొదలుపెట్టింది. గాల్వేలోనూ అలాగే చూసింది. బోలెడు చుక్కలున్న చోట వానలో నిలబడి నిలబడి లోపలికి వెళితే, ఆకుపచ్చని ముద్దేదో రాసిన రొట్టె ముక్క తెచ్చి ముందు పెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ఫొటో తీసుకుంటున్నారు. విశాలాక్షమ్మగారు అది తిని, ఆ చుక్కలు పెట్టినవాళ్లు మజ్జిగన్నం తినేవాళ్లో కాదో కనుక్కోవాల్సిందమ్మా అన్నారు. అందుకని ఈసారి హైమవతి ఎంచి ఎంచి ఒక భారతీయ హోటలుకు తీసుకెళ్లింది.

గుమ్మంలోనే ఒకాయన చేతులు జోడించి ఎదురొచ్చాడు. ఏ రాష్ట్రం మనిషో తెలియలేదు గానీ చాలా మర్యాదస్తుడు. శాకాహారమేనా అంటే అవునన్నాడు. మాంసం వేయించిన నూనె కాదు కదా అంటే కానే కాదన్నాడు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా అని హైమవతి సగం అనేలోపే అలాగే చేస్తామన్నాడు. విశాలాక్షమ్మగారు అతని వంక వింతగా చూసి, వాక్కాయ పప్పు ఉందేమో అడగమన్నారు. మా కృష్ణా జిల్లాలోనే వాక్కాయలు వానాకాలంలో కొన్నాళ్లు కనిపించి పోతాయి. హైమవతి మొహమాటపడుతూనే అడిగింది.

"ఉంది మేడమ్," అన్నాడతను. "కారం మామూలుగానా, ఎక్కువ వెయ్యమంటారా?"

నాకు నవ్వు ఆగలేదు. విశాలాక్షమ్మగారు మాత్రం నవ్వకుండా అతనికి తిరిగి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశారు. హైమవతికి చిరాకు వేసింది. పాపం అంత ఆదరంగా మాట్లాడితే ఎందుకు వచ్చేశామో తనకు అర్థం కాలేదంది. ఆవిడ ముందుకు నడిచారు. అప్పటికి మాత్ర వేసుకున్నారు కూడా. నడుస్తుంటే ఆవిడ చేతివేళ్లు కొంచెం వణకడం నేను చూశాను.

ఆ దేశంలో వీధికి రెండు పబ్బులు. మా ఊళ్లో మందు షాపు ముందు నుంచి పోవాల్సివస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు దాటేవాళ్లం. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా ప్రతి పబ్బు దగ్గరా అవతలి పక్కకు దాటుతూ వచ్చాం. హైమవతికి ఆ దేశం పాతే అయినా, మాకోసం మాతోపాటే దాటేది. ఆ రోజు కూడా ముదురు ఎర్ర రంగు తలుపున్న పబ్బు ఒకటి రాగానే ఆ పిల్ల రోడ్డు దాటబోయింది. విశాలాక్షమ్మగారు కదల్లేదు. కిటికీ అద్దంలోంచి లోపలికి చూస్తున్నారు.

"అది మందు కొట్టు అమ్మగారూ," అంది హైమవతి.

"లోపల నా వయసు ఆడవాళ్లు కూర్చుని స్పూన్లతో తింటున్నారు. మందు స్పూనుతో తాగుతారా ఇక్కడ?" అని ఆవిడ తలుపు తోశారు.

లోపల వెచ్చగా ఉంది. రొట్టె కాల్చిన వాసన, తడిసిన కోట్ల వాసన. కొట్టు నడిపే ఆవిడ పేరు నోరీన్ అని తరవాత తెలిసింది. వయసు మీరిన మనిషి, ఎవరు వచ్చినా మనం 'అమ్మా' అన్నట్టు 'లవ్' అని పిలుస్తుంది. నల్ల బోర్డు మీద కూరగాయల సూప్ అని రాసి ఉంది. హైమవతి అందులో మాంసం ఏమైనా ఉందా అని అడిగింది. నోరీన్ వెంటనే జవాబు చెప్పలేదు. చేతులు తుడుచుకుంటూ మా చీరల వంకా, విశాలాక్షమ్మగారి నుదుటి విభూతి వంకా చూసింది. కూరగాయలు కూరగాయలే గానీ వాటిని ఉడికించిన నీళ్లు కోడి ఎముకలవి, అది మీకు వద్దు అంది. బంగాళాదుంప వేపుడు అడిగితే, చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తాను, అదీ వద్దు అంది. క్యాబేజీ చూపిస్తే, పంది మాంసం ఉడికిన నీళ్లలో వండానని చెప్పి తల అడ్డంగా ఊపింది. ఏటికి అవతల అచ్చంగా శాకాహారం పెట్టే చోటు ఒకటి ఉంది, నా వంట కంటే వాళ్లది బాగుంటుంది, కానీ ఈ రోజు సాయంత్రం దాకా తెరవరు అని కూడా చెప్పింది.

హైమవతి మా వైపు తిరిగి, "ఇక్కడ మనం తినేది ఏమీ లేదమ్మగారూ, పోదాం పదండి" అంది.

విశాలాక్షమ్మగారు అప్పటికే కోటు విప్పి కుర్చీకి తగిలించారు. "ఇప్పుడు కూర్చోవచ్చు" అన్నారు.

మిగిలినవి ఏమిటని అడిగిస్తే, విడిగా ఉడికించిన దుంపలు, వెన్న, గోధుమ రొట్టె ఉన్నాయంది నోరీన్. రొట్టె ఎలా చేస్తారని విశాలాక్షమ్మగారు ఆసక్తిగా అడిగారు. గుడ్డు పడదు, వంటసోడా వేసి మజ్జిగతో కలుపుతానని తెలిసి ఆవిడ ముఖం విప్పారింది. మజ్జిగ పులిసిందా, కమ్మనిదా అని వాళ్లిద్దరి మధ్యా చాలాసేపు మాటలు సాగాయి. హైమవతి అటూ ఇటూ అర్థం చెప్పలేక అలిసిపోయింది. నా సంచిలో ఉన్న కందిపొడి వెన్నదుంపల మీద చల్లుకుని తిన్నాం. నోరీన్ కూడా కొంచెం నాలిక మీద వేసుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపింది. విశాలాక్షమ్మగారి వేళ్ల వణుకు తగ్గింది.

రొట్టె సగంలో ఉండగా ఆవిడ తనంతట తానే ఆ మాట కదిపారు. నిద్ర సంగతి స్వామివారికి చెప్పావా అని అడిగారు. చెప్పానంది హైమవతి. ఆయన చాలా ఆప్యాయంగా మాట్లాడారని, రావడమే ఆలస్యం, నిద్రా, శాంతీ, కావలసినవన్నీ అక్కడే ఉన్నాయన్నారని చెప్పింది. విశాలాక్షమ్మగారు, నువ్వు చెప్పడం పూర్తయ్యాక అన్నారా అని మాత్రం అడిగారు. హైమవతి చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టింది. ఇందాకటి హోటలు గుర్తు తెచ్చుకుంటున్నట్టు తలుపు వైపు చూసింది.

అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. ఆశ్రమం వాళ్లే. పక్క బల్లల దగ్గర ఆడవాళ్లు తలలెత్తి చూశారు. హైమవతి దాన్ని చేతిలోకి తీసుకుంది, చూసింది, మోగుతూ ఉండగానే బోర్లించి పెట్టింది. కాసేపటికి అదే ఆగింది.

"మీ దగ్గరే ఉండి చదువుకుంటే నాకు నిద్ర పడుతుందా అమ్మగారూ?" అంది.

విశాలాక్షమ్మగారు వెంటనే జవాబు చెప్పలేదు. వేళ్లకు అంటిన కందిపొడి దులుపుకున్నారు. దుంపల గిన్నె ఆ పిల్ల వైపు జరిపారు.

"నిద్ర నా దగ్గర లేదు హైమా," అన్నారు. "ఇంకో దుంప వేసుకో."