పానకం కొట్టు ముందు నాలుగు బల్లలు

నల్లగుట్ట అడవిలో వారం వారం జరిగే సంత పెరిగి పెరిగి ఓ చిన్న పట్నమే అయింది. కోతులు పళ్లు అమ్మేవి, ఉడతలు పప్పులు అమ్మేవి. నడివీధిలో నక్క జంబయ్య పానకం కొట్టు పెట్టాడు. ఎవరు రావాలన్నా, ఏ సరుకు రావాలన్నా కింద వాగు దగ్గర్నుంచి ఎగుడు దారి ఎక్కాల్సిందే. ఆ దారిలో రోజూ బండి లాగేవాడు ఎద్దు లచ్చన్న. మాట తక్కువ, ఓర్పు ఎక్కువ.

మొన్నటి సంతనాడు దారి మలుపులో మేక పోలమ్మ కూలబడింది. నిండు చూలాలు, పైగా వీపున ఆకుల మోపు. "కాసేపు కూర్చుందామంటే రాళ్లే తప్ప చోటు లేదన్నా," అంది రొప్పుతూ. లచ్చన్న ఆమెను, మోపును బండిలో ఎక్కించుకుని పైకి చేర్చాడు గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

వెళ్లి ఊరిపెద్ద ఏనుగు దంతప్పతో చెప్పాడు. ఆయన గాలివానకు పడ్డ మద్దిచెట్టును వాగు ఒడ్డునే కోయించి నాలుగు బల్లలు చేయించాడు. ఎక్కడ వేయాలో తేల్చడానికి తర్వాతి సంతనాడు పొద్దున్నే అందరినీ పిలిచాడు.

జంబయ్య ముందుకొచ్చాడు. "పెద్దయ్యా, నలుగురూ తిరిగేది నడివీధి. నాలుగూ అక్కడే వేస్తే పట్నానికే అందం."

"అంటే నీ కొట్టు ముందా?" అంది పోలమ్మ.

"కొట్టు ముందునుంచీ అక్కడే ఉందాయె. అది నా తప్పా?"

"మధ్యాహ్నమైతే అక్కడ పేలాలు వేగుతాయి గదయ్యా."

"వేగనీ. ఎండకు దాహమేస్తుంది, దాహానికి పానకం ఉంది."

అందరూ నవ్వేశారు. లచ్చన్న మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "దారి మలుపులో వేస్తే బాగుంటుందేమో."

"మలుపులోనా?" జంబయ్య మీసం దువ్వాడు. "సంతకొచ్చేవాడు సంతలో కూర్చుంటాడు గానీ దారిలో ఎవడు కూర్చుంటాడు లచ్చన్నా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. దంతప్ప కూడా తలూపాడు. "సరే, నడివీధికి చేర్చండి. మధ్యాహ్నం నేనొచ్చి చూశాక పాతుదురు గాని."

లచ్చన్న కాసేపు నెమరేసి, "అలాగే లాగుతాను," అన్నాడు. "కానీ జంబయ్యా, రోజూ నీ కొట్టుకు నీళ్లు తెచ్చేది నా బండే. ఇవాళ బండిమీద బల్లలుంటాయి. నీళ్లు నువ్వే తెచ్చుకోవాలి మరి."

"రెండు కడవలేగా, ఆమాత్రం మొయ్యలేనా?" అంటూ నక్క కావడి భుజానేసుకున్నాడు.

మొదటి విడత ఎగురుకుంటూ ఎక్కాడు. రెండో విడతకు నాలుక బయటికొచ్చింది. మోసేవాడికి తెలుసు కావడి బరువు. మూడో విడతకు మలుపు దగ్గరే ఆగిపోయాడు. పక్కనే కానుగచెట్టు చల్లటి నీడ, వాగు మీంచి గాలి. కావడి దించి, ఒక్క క్షణం అనుకుంటూ వేరు మీద వాలాడు. అంతే, గురక.

బల్లలన్నీ బండికెత్తుకుని వచ్చిన లచ్చన్న నక్కను చూసి బండి ఆపాడు. లేపలేదు. వాగులో స్నానం చేసిన దంతప్ప అప్పుడే ఆయాసపడుతూ దారి ఎక్కుతున్నాడు. వెనకాల సంతకొచ్చే జనమంతా.

"జంబయ్యా, కొట్టు వదిలేసి ఇక్కడేం పని?" అన్నాడు ఏనుగు.

నక్క సగం కన్ను తెరిచాడు. "ఊపిరి అందలేదు పెద్దయ్యా. ఇక్కడైతే నీడుంది, గాలుంది. ఒక బల్ల కూడా ఉంటే హాయిగా నడుము వాల్చేవాణ్ణి."

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు.

పోలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. దంతప్ప తొండంతో చెమట తుడుచుకుని, "నాకూ సరిగ్గా ఇక్కడే ఆయాసం వచ్చింది. దించు లచ్చన్నా," అన్నాడు.

రెండు బల్లలు కానుగ కింద పాతారు. ఒకటి వైద్యుడు కొంగ గుమ్మం ముందుకు, ఒకటి సంత చివర నీడపట్టుకు వెళ్లాయి. ఎక్కి వచ్చినవాళ్లు కూర్చుని, సేదతీరుతూ, ఎదురుగా ఉన్న రెండు కడవల నీళ్లూ తాగేశారు. జంబయ్య ఖాళీ కావడి ఎత్తుకుని, ఎవరి మొహమూ చూడకుండా మళ్లీ వాగులోకి దిగాడు.

నలుగురికీ పీట వేయాలనుకునేవాడు ముందు నలుగురూ నడిచే దారిలో బరువుతో నడిచి చూడాలి.